సూది నడిమధ్యనే ఉంది

మోటారు వాహనాల విషయంలో మనవారికి ఉన్న విశ్వాసాల్లో మహా గట్టిది ఒకటుంది. ఉష్ణమాపకంలోని సూది నడిమధ్యన నిలిచి ఉన్నంతసేపూ ఇంజను క్షేమంగా ఉన్నట్టేనని. ఇది అబద్ధమని అనలేను గానీ, ఇందులో ఉన్న నిజం మనం అనుకునేంత పెద్దది కాదు. సూదికి తెలిసింది ఒకటి, దాన్ని చూసి మనం ఊహించుకునేది మరొకటి. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో మా ఇంటి పాత ఫియట్ కారు మూలంగా తెలిసింది. కార్ల ఊసంటే గిట్టని మిత్రులు ఈ టపాను దాటవేసినా ఏమీ అనుకోను. ఇంట్లో పెద్దవాళ్ళున్న వారు మాత్రం చదివితే బాగుంటుంది.

ఫియట్ అని మేమంటాం గానీ దాని అసలు పేరు ప్రీమియర్ పద్మిని. ఇటలీలో పుట్టిన ఫియట్ 1100కు భారతీయావతారం. 1974లో చిత్తోడు రాణి పేరు పెట్టుకుంది. 1089 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, నలభై చిల్లర గుర్రాల బలం. మా బండికి గేరు కాడ స్టీరింగు పక్కన ఉంటుంది. ముందు సీటు బల్లలాగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే. ముంబయిలో నలుపూ పసుపూ రంగుల టాక్సీలుగా దశాబ్దాల పాటు తిరిగినవి ఇవే. వాటిలో ఆఖరిది 2003 అక్టోబరు 29న రిజిస్టరైందనీ, ఇరవయ్యేళ్ళ గడువు తీరినందున 2023 అక్టోబరు 30 నుంచి ఆ టాక్సీలు ఇక కనిపించవనీ పత్రికల్లో చదివినప్పుడు మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. నాన్నగారు మా బండిని కొన్నది 1986లో. ఆయన పోయాక కూడా దాన్ని అమ్మే ప్రసక్తి మా ఇంట్లో ఎవరూ తేలేదు.

2018 వేసవికి ముందు మా తమ్ముడు దానికి ఏసీ పెట్టించాడు. అమ్మకు ఎండ పడదు. బెజవాడ ఎండలు ఎలా ఉంటాయో ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. కొత్త కారులో ఎక్కమంటే 'అందులో ఊపిరాడదురా, కిటికీలు చిన్నవి' అంటుంది. అసలు సంగతి కిటికీలు కావని మా అందరికీ తెలుసు. కాబట్టి వాడు చేసిన పనిలో నాకు తప్పేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. బిగించినవారు కూడా పనిమంతులే. డాష్‌బోర్డు కింద చల్లగాలి పెట్టె, ఇంజను పక్కన బెల్టుతో తిరిగే కంప్రెసరు, రేడియేటరుకు ముందు కండెన్సరు అమర్చారు. చూసుకోవడానికి వీలుగా ఒక గుండ్రటి ఉష్ణమాపకాన్ని కూడా అదనంగా బిగించారు. తమ్ముడు తన వంతుగా ముందువైపు రెండు పెద్ద పొగమంచు దీపాలు పెట్టించాడు. బెజవాడలో పొగమంచు ఎన్నాళ్ళుంటుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

(రేడియేటరుకు మంచి తెలుగు మాట కోసం కొంత ప్రయత్నించాను. 'ఉష్ణవిసర్జని' అని తట్టింది. మా ఆవిడ విని 'అది వాడితే మీతో మాట్లాడను' అంది. కనుక రేడియేటరే.)

ఏసీ పెట్టిన మొదటి వేసవి గడిచింది, రెండోదీ గడిచింది. మంగళగిరి, గుంటూరు, ఒకసారి ఏలూరు దాకా తిరిగాం. సూది నడిమధ్యనే ఉంది. ఏసీ వేసినా అక్కడే, తీసినా అక్కడే. 'చూశావా అన్నయ్యా, పాత ఇంజనైనా చలించలేదు' అని తమ్ముడు మురిసిపోయాడు.

సూది ఎందుకు చలించలేదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

పెట్రోలు ఇంజనులో మనం పోసే ఇంధనపు శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికివచ్చేది, స్థూలంగా చెప్పాలంటే, మూడోవంతు కూడా ఉండదు. మరో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాన్ని లోహం పీల్చుకుంటుంది. సిలిండరు లోపలి మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు పైకప్పుగా ఉండే సిలిండర్ హెడ్ మా బండిలో అల్యూమినియం మిశ్రమలోహం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి అది కరగకుండా నిలిచిందంటే దాని గోడల వెనుక క్షణం ఆగకుండా నీరు పారుతూ ఉండటమే కారణం. ఆ నీరు మోసుకొచ్చిన వేడిని రేడియేటరు గాలికి అప్పగిస్తుంది. ఇంజను బ్రతుకంతా ఈ అప్పగింత మీద ఆధారపడి ఉంది.

ఇంజను రూపకర్త రేడియేటరును సరిగ్గా చాలినంతగా మాత్రమే పెట్టడు. ఎర్రటి ఎండలో, నిండు బరువుతో కొండ ఎక్కినా తట్టుకునేలా కొంత మిగులు ఉంచుతాడు. మన అమ్మలు అత్తెసరుకు నలుగురికి సరిపడా కాక ఆరుగురికి బియ్యం పోసినట్టు. పిలవని చుట్టం వచ్చినా పీట వేయవచ్చు. మా బండికి వచ్చిన చుట్టాలు ముగ్గురు. కంప్రెసరు ఇంజను బలంలో కొంత తినేస్తుంది, అంటే ఇంజను అంతకంతకూ ఎక్కువ మండాలి. కారు లోపలి వేడిని లాగి బయట పారబోసే కండెన్సరు సరిగ్గా రేడియేటరు ముందే కూర్చుంది, అంటే రేడియేటరుకు అందే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఇక పొగమంచు దీపాలు వచ్చే గాలికే అడ్డం. వీటికి తోడు ఏళ్ళ తరబడి పోసిన బోరు నీళ్ళ సున్నం రేడియేటరు గొట్టాల్లో పేరుకుంటూ వచ్చింది. అటు నుంచి ఖర్చు పెరిగింది, ఇటు నుంచి నిల్వ తరిగింది.

ఇంత జరుగుతున్నా సూది కదలకపోవడానికి కారణం థర్మోస్టాటు. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య దారిలో కూర్చున్న చిన్న కవాటమది. లోపల మైనం ఉంటుంది. నీరు ఎనభై చిల్లర డిగ్రీలకు చేరగానే మైనం కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. నీరు ఇంకొంచెం వేడెక్కితే తలుపు ఇంకొంచెం తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. సూదిని నడిమధ్యన నిలిపేది ఇదే. మునుపు తలుపు పావు వంతు తెరిస్తే సరిపోయేది. ఏసీ వచ్చాక సగం తెరవాల్సివచ్చింది. సున్నం పేరుకున్నాక ముప్పాతిక. ఈ పావు, సగం, ముప్పాతిక సంగతులేవీ సూదికి తెలియవు. అప్పులు పెరుగుతున్నకొద్దీ పంచె మడత నలగకుండా తిరిగే పెద్దమనుషులుంటారు చూడండి, అలాంటిదన్నమాట. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక ఇక ఇచ్చేందుకు ఏమీ మిగలదు. ఆ క్షణం దాకా సూది నడిమధ్యనే. ఆ తరువాతి క్షణం నుంచి దాన్ని ఆపేవారుండరు.

అన్నట్టు, బండి వేడెక్కుతోందనగానే థర్మోస్టాటును పీకి పారేసే మెకానిక్కులు మనకు ఊరికొకరు ఉంటారు. దానివల్ల అన్ని బండ్లకూ మేలు జరగదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటు తెరుచుకునేటప్పుడే నీళ్ళ అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే కొంత నీరు రేడియేటరు ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వచ్చేస్తుంది. చల్లబడాల్సింది పోయి మరింత వేడెక్కుతుంది.

మా బండి తలుపు పూర్తిగా తెరుచుకున్నది 2022 మే నెలలో, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డులో. అమ్మకు మల్లన్న దర్శనం మొక్కు ఉంది. తెల్లవారుజామునే బయలుదేరాం గానీ దోర్నాల చేరేసరికే ఎండ ముదిరింది. బండిలో నలుగురం, వెనుక సామాను, ఏసీ నిండుగా నడుస్తోంది. తమ్ముడు నడుపుతున్నాడు. ఘాట్ రోడ్డులో ఇంజను మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ. ఎదురుగాలి వల్ల రేడియేటరుకు దక్కే ఊరట ఉండదు. శిఖరం ఇంకా కొంత దూరముందనగా సూది కదిలింది. రెండు మలుపులు తిరిగేలోగా ఎరుపును తాకింది. బండి ఆపడానికి చోటు వెతుకుతుండగానే సూది ఒక్కసారిగా కిందికి జారింది.

'తగ్గిపోయిందన్నయ్యా!' అన్నాడు తమ్ముడు.

ఇంజను వేడెక్కిన సందర్భాలన్నింటిలోకీ ప్రమాదకరమైన ఘడియ ఇదేనని తరువాత తెలిసింది. ఉష్ణాన్ని కొలిచే గుబ్బ నీటిలో మునిగి ఉండాలి. నీరంతా ఆవిరై బయటికి పోయాక అది ఖాళీలో వేలాడుతుంది. లోహం మాడుతున్నా దానికి ఆ సెగ సరిగ్గా తగలదు. సూది కిందికి దిగుతుంది. అర నిమిషంలో ఇంజను టకటకమంటూ బలం కోల్పోయి తనంతట తానే ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి కమ్ముకుంది.

అమ్మ చేతిలో చల్లని నీళ్ళ సీసా ఉంది. 'పాపం, పోయండి నాయనా దానికి' అంది. వెనుక వచ్చిన లారీ ఆగింది. డ్రైవరు దిగి వచ్చి సీసా వంక, మా తమ్ముడి చేతిలోని గుడ్డ వంక చూశాడు. 'మూత ముట్టుకోకండి సార్. గంట సేపు అట్టా వదిలెయ్యండి. నీళ్ళు పోస్తే పగిలిద్ది' అన్నాడు. అమ్మ కూర్చోవడానికి నీడలో ఒక గోనె పరిచి, ఆమె చేతిలోని నీళ్ళు ఆమె చేతనే తాగించి వెళ్ళాడు. ఆ మనిషి చెప్పినదాంట్లో రెండు ప్రాణరక్షణ సూత్రాలున్నాయి. రేడియేటరు మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మూత పట్టే ప్రతి పౌను ఒత్తిడికీ నీరు మరిగే ఉష్ణం సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. అందుచేత లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా కాచుకుని ఉంటుంది. మూత తీస్తే ఒత్తిడి పోయి, ఉన్న నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. ఇక కాలిన లోహం మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో వేడి పెనం మీద నీళ్ళు చల్లిన ఇల్లాలికి చెప్పనక్కరలేదు.

శ్రీశైల శిఖరాన్ని చూసినవారికి పునర్జన్మ ఉండదంటారు. ఇంజను శిఖరం దాకా చేరలేదు కాబట్టి దానికి మరో జన్మ అవకాశం మిగిలిందని నేనంటే అమ్మ కూడా నవ్వింది. అక్కడి నుంచి మరో బండిలో ఆమెకు దర్శనం చేయించాం. మా కారు మాత్రం లారీ ఎక్కి బెజవాడ వచ్చింది.

బెజవాడ వారికి జవహర్ ఆటోనగర్ గురించి చెప్పడం కనకదుర్గమ్మ గుడికి దారి చెప్పడం వంటిది. అక్కడ మా నాన్నగారి కాలం నుంచీ ఎరిగిన మేస్త్రీ ఒకరున్నారు. ఆయన బండిని చూడగానే పానా పట్టుకోలేదు. ముందు ఆయిలు పోసే మూత తిప్పి, దాని అడుగున వేలితో రాసి నాకు చూపించారు. చిక్కటి మీగడ మజ్జిగలాంటి పదార్థం. ఆయిల్లో నీళ్ళు కలిశాయని దానర్థం. ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడీ కొలిచారు. ఒకటీ నాలుగూ పర్వాలేదు, నడిమి రెండింటిలోనూ ఒత్తిడి దాదాపు లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేలా నీరసించాయంటే వాటి మధ్య గోడ మీద గాస్కెట్ కాలిపోయి ఉంటుంది. 'గాస్కెట్ పోవడం పెద్ద ఖర్చు కాదు బాబుగారూ. హెడ్ ఎట్టా ఉందో చూడాలి' అన్నారు. ఆ రోజు విప్పలేదు. వేడి ఉన్న హెడ్ బోల్టులు వదులు చేస్తే ఉన్న వంకర కాస్తా స్థిరపడిపోతుందట. మర్నాడు ఉదయం చివరల నుంచి మధ్యకు, ఒక్కో బోల్టూ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ తీశారు.

హెడ్ వంకర పోవడంలోని మర్మం వివరించాలి. ఇంజను కింది భాగం పోత ఇనుము, పైనున్న హెడ్ అల్యూమినియం. అడుగు పొడవున్న పోత ఇనుప కడ్డీని వంద డిగ్రీలు వేడి చేస్తే మిల్లీమీటరులో మూడోవంతు సాగుతుంది. అల్యూమినియం అంతకు రెట్టింపు సాగుతుంది. ఈ ఇద్దరినీ బోల్టులతో కలిపి బిగించారు. మామూలు వేడిలో ఈ సంసారం సాగుతుంది. మధ్యనున్న గాస్కెట్ ఇద్దరికీ సర్దిచెబుతూ ఉంటుంది. వేడి మితిమీరినప్పుడు హెడ్ ఇంకా సాగాలంటుంది, బోల్టులు కదలనివ్వవు. అప్పటికే మెత్తబడిన అల్యూమినియం తనలో తానే నలిగిపోతుంది. మళ్ళీ చల్లారాక కుంచించుకుంటుంది గానీ పూర్వపు ఆకారానికి రాదు. మధ్యలో విల్లులా వంగి ఉంటుంది.

మేస్త్రీ హెడ్‌ను తలకిందులుగా పెట్టి, తిన్నని ఉక్కు బద్దను దాని మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, సందులోకి పలుచని ఉక్కు రేకులు దూర్చి చూశారు. సాధారణంగా అనుమతించే వంకర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే మన తలవెంట్రుక మందం కన్నా తక్కువ. మాది దానికి నాలుగింతలు తేలింది. ఇంతమాత్రానికి హెడ్‌ను పారేయరు. యంత్రం మీద పెట్టి చదును చేస్తారు. ఫేసింగ్ అంటారు. అక్కడే చిక్కు వచ్చిపడింది. నాన్నగారికి బండి ఖర్చులు రాసే పుస్తకం ఒకటుండేది. 1997 పుటలో ఆయన దస్తూరీతో 'హెడ్ ఫేసింగ్' అని ఉంది. అంటే ఒకసారి ఇప్పటికే చెక్కారు. చెక్కిన ప్రతిసారీ మంట గది చిన్నదవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. మితిమీరితే పెట్రోలు తన వేళకు ముందే పేలుతుంది. వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. చదును చేయడానికి లోహం ఇంకా ఉందో లేదో అన్నది ప్రశ్న అయింది.

కొలిచి చూస్తే కొద్దిగా ఉంది. తమ్ముడి ముఖం విప్పారింది. 'తొందరపడకండి' అని మేస్త్రీ హెడ్‌ను శుభ్రం చేయించి ఎర్రటి పలుచని రంగు పూశారు. కాసేపాగి తుడిచేసి, దాని మీద తెల్లటి పొడి మందు చల్లారు. బీటలోకి దిగిన రంగు తెల్లటి పూత మీదికి తిరిగి ఊరుతుంది. మేమంతా మౌనంగా చూస్తూ నిలుచున్నాం. మూడో సిలిండరు దగ్గర, రెండు వాల్వుల పీటల నడుమ, కుంకుమతో గీసినంత సన్నని ఎర్ర గీత తేలింది.

ఆ తరువాత చర్చ మూడు రోజులు సాగింది. ఆర్గాన్ వెల్డింగు చేసే నిపుణులు ఆటోనగర్‌లోనే ఉన్నారు. హెడ్ మొత్తాన్ని ముందు వేడి చేసి, బీటను తొలిచి, కొత్త లోహం నింపి, వాల్వు పీటలు మళ్ళీ కోయాలి. 'చేయొచ్చు. నిలబడిద్దని మాత్రం నేను చెప్పను' అన్నారు మేస్త్రీ. తమ్ముడు దానికే మొగ్గాడు, నాన్నగారి బండికి నాన్నగారి హెడ్డే ఉండాలని. నాకు ఆ వాదం నచ్చలేదు. ఒకసారి మెత్తబడిన అల్యూమినియానికి మునుపటి బిగువు రాదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిని ఎక్కించుకుని అడవి దారుల్లో పోయే బండికి 'నిలబడవచ్చు' అన్న మాట చాలదు. ముంబయిలో కుర్లా ప్రాంతపు పాత సామాన్ల బజారులో వెతికించాం. పద్మిని తయారైన కర్మాగారం ఉండిందీ ఆ కుర్లాలోనే. ఎన్నడూ చెక్కని, బీట లేని హెడ్ ఒకటి దొరికింది. రంగు పరీక్ష దానికీ చేయించాకే డబ్బు ఇచ్చాం.

అంతకన్నా కష్టమైన చర్చ ఏసీ గురించి. ఏసీ ఉంటే బండికి ముప్పు, లేకపోతే బండి ఎవరి కోసం ఉందో ఆ మనిషి అందులో ఎక్కలేదు. రేడియేటరుకు కొత్తగా మరో వరుస గొట్టాలున్న కోర్ వేయించవచ్చు. కండెన్సరుకు విడిగా విద్యుత్ ఫ్యాను పెట్టించవచ్చు. నీటి వేడి హద్దు దాటగానే కంప్రెసరును ఆపేసే స్విచ్చు కూడా బిగించవచ్చు. మూడూ చేయిస్తానని తమ్ముడన్నాడు. నా మటుకు నాకు, మిగులు లేని చోట ఎన్ని కాపలాలు పెట్టినా సాహసమే అనిపించింది. కొత్త కోర్ మాత్రం వేయించి, తక్కినవన్నీ తీయించేద్దామన్నాను. ఇద్దరం అమ్మ వంక చూశాం.

'తెల్లారగట్ట చల్లగానే ఉంటుందిగా, అప్పుడే పోదాం' అంది.

ఏసీ విప్పేశారు. పొగమంచు దీపాలను తమ్ముడు ఎవరూ చెప్పకుండానే విప్పించాడు. మేస్త్రీ హెడ్ బిగించేటప్పుడు ఈసారి మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా బోల్టులు బిగించారు. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తెమ్మని, అప్పుడు మరోసారి సరిచూశారు. ఇప్పుడు రేడియేటరులో బోరు నీళ్ళు కాదు, కూలెంటు పోస్తున్నాం. అదనపు ఉష్ణమాపకాన్ని మాత్రం తీయనివ్వలేదు. పాత హెడ్‌ను తమ్ముడు ఇంటికి తెచ్చుకున్నాడు. తుడవలేదేమో, ఆ తెల్లటి పూతా ఎర్ర గీతా ఇంకా దాని మీద అలాగే ఉన్నాయి. వారానికి రెండు రోజులు, పొద్దు పొడవక ముందే, అమ్మను కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా వెళ్ళి వస్తాడు.